బుద్ధిగా ఉన్న పదముగ్గురు

నోరా అట్లీ తలుపు తట్టే తీరు మా వీధి మొత్తానికి తెలుసు. వరసగా మూడు దెబ్బలు, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఉండదు. ముప్పై నాలుగేళ్ళు స్కెల్‌బెక్ ఊళ్ళోనూ పైనున్న కొండ ఇళ్ళకీ ఉత్తరాలు పంచిన చెయ్యి అది. రిటైరై తొమ్మిదేళ్ళయినా దెబ్బలో బలం తగ్గలేదు.

1998 జనవరిలో ఒక మంగళవారం పొద్దున ఆ దెబ్బలు విని, టీ కప్పు పక్కన పెట్టి తలుపు తీశాను. ఆమె చేతిలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది.

"ఇదిగో విల్ఫ్, ముప్పై ఒకటి. లెక్కపెట్టుకుంటావా, నా మాట నమ్ముతావా?"

"ముప్పై ఒకటి ఏమిటి?"

"ఆడపిల్లలు," అని నన్ను తోసుకుని వంటింట్లోకి నడిచింది.

డబ్బాలో కాగితం ముక్కలున్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో పేరు, బడిలో చేరిన ఏడు, వదిలిన ఏడు, తండ్రి చేసే పని, ఆ తర్వాత ఆ పిల్ల ఏమైంది. చూడగానే అర్థమైంది. మా బడి పూర్వ విద్యార్థుల పట్టికలో మేం రాసే వరస అచ్చం అదే.

ఆ పట్టికకి అప్పుడు కార్యదర్శిని నేనే. నలభై ఏళ్ళు మందుల షాపు నడిపి, తాళం వేసి, ఈ పట్టిక పని మీద పడ్డాను. స్కెల్‌బెక్ గ్రామర్ స్కూల్ 1611లో పెట్టారు. అప్పటి నుంచీ అందులో చదివిన వాళ్ళందరి సంగతీ ఆ పుస్తకంలో రెండేసి వాక్యాల్లో ఉంటుంది. 'గొర్రెల వ్యాపారి కొడుకు. సిలోన్‌లో తేయాకు తోట. గుర్రం మీంచి పడి చనిపోయాడు.' 'చర్చి పాస్టరు కొడుకు. తానూ అదే.' ఒక బిషప్ ఉన్నాడు, ఇద్దరు కల్నళ్ళు ఉన్నారు, నమ్మి దాచుకున్న వాళ్ళందరినీ ముంచి పోర్చుగల్ పారిపోయిన వాడొకడు ఉన్నాడు. అతని పేరు దగ్గర 'బ్యాంకింగ్ రంగం' అని రాసి ఊరుకున్నాం. నా పేరు దగ్గర 'మందుల షాపు, స్కెల్‌బెక్' అని ఉంది. డెబ్బై ఏళ్ళు రాబోతున్న మనిషికి మూడు మాటలు దక్కాయి. అయినా ఆ మూడు మాటలంటే నాకు ప్రాణం. ఆ పుస్తకంలో ఉన్నవాడు ఉన్నట్టు, లేనివాడు లేనట్టు. మా ఊళ్ళో లెక్క అంతే.

అయిదో ముద్రణ ఈస్టర్‌కి అచ్చుకి వెళ్ళాలి. అందుకే నోరా జనవరిలో వచ్చింది.

"నోరా, చేరికల పుస్తకంలో పేరు లేనివాళ్ళు పట్టికలోకి రారు. అది నియమం."

"ఎవరు పెట్టారు?"

"కమిటీ."

"కమిటీలో నువ్వు లేవూ?"

"ఉన్నాను."

"అయితే ఇంకేం, సగం పనైపోయింది," అని నా టీ తాగేసింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఆమె అడుగుతున్నది తప్పని కాదు. సరైనదని నాకు తెలుసు, అందుకే మండింది.

జరిగింది ఇది. మాది అప్పట్లో మగపిల్లల బడి. 1940లో బ్యాంక్ స్ట్రీట్‌లోని ఆడపిల్లల బడిని సైన్యం ఆసుపత్రి కోసం తీసుకుంది. అక్కడి పిల్లల్ని తలో చోటికీ సర్దారు. ఒక తరగతి, ముప్పై ఒక్కమంది, మా బడికొచ్చారు. మా గదుల్లోనే కూర్చుని మా మాస్టార్ల దగ్గరే రెండేళ్ళు లాటిన్, రేఖాగణితం చదివారు. మా క్యాబేజీ కూరే తిన్నారు. కానీ అప్పటి హెడ్మాస్టరు డాక్టర్ ఆర్మెరాడ్ వాళ్ళ పేర్లు చేరికల పుస్తకంలో ఎక్కించలేదు. "వీళ్ళు అతిథులు," అన్నాడు. రోజూ పొద్దున హాల్లో హాజరు పిలిచేటప్పుడు మాలో ఒక్కొక్కరం లేచి, మూడొందల ఏళ్ళ పద్ధతి ప్రకారం లాటిన్‌లో "ఆడ్సుమ్" అనేవాళ్ళం, ఉన్నాను అని. ఆ ముప్పై ఒక్కమందీ వెనక గోడ దగ్గర నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎవరూ పిలవలేదు. నేనప్పుడు చిన్న తరగతిలో ఉన్నాను. ఒక్కరోజైనా వెనక్కి తిరిగి చూశానా అంటే, చూడలేదు.

నోరా ఆ ముప్పై ఒక్కమందిలో ఒకతె. బొగ్గు బండి తోలే డెన్బీ కూతురు. రేఖాగణితంలో మా పెద్ద తరగతుల వాళ్ళని కూడా కూర్చోబెట్టి చెప్పగలిగేది. 1942 వేసవిలో ఆడపిల్లల్ని మళ్ళీ వాళ్ళ బడికి పంపేశారు. అక్కడ రేఖాగణితం లేదు, కుట్టుపని ఉంది. పద్నాలుగో ఏట నోరా మిల్లులో చేరింది, ఆ తర్వాత పోస్టాఫీసులో. గోడలు కట్టే హెరాల్డ్ అట్లీని చేసుకుంది. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కొండల మీద గోడలు కట్టేవాడు. నెమ్మదస్తుడు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. మా బడిలో ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టిన ఏడే చిన్నకూతురు చేరింది. పట్టికలో ఆ పిల్ల పేరు ఉంది. 'తండ్రి గోడలు కట్టే పని' అని కూడా ఉంది. తల్లి సంగతి రాసే గడి మా దగ్గర లేదు.

అరవై మూడో సంవత్సరం చలికాలం మా వైపు ఎవరూ మర్చిపోలేదు. పది వారాలు మంచు. దారులు పూడుకుపోతే నోరా గోడల మీద నడిచి కొండ ఇళ్ళకి ఉత్తరాలు చేర్చింది. ఏ గోడ కాలు ఆనిస్తుందో ఆమెకి తెలుసు, సగం గోడలు మొగుడు కట్టినవేగా. కొండ కొసనున్న ఇంటి ముసలాయన తలుపు తీసి, "ఈ మంచులో పడి విత్తనాల జాబితా తెచ్చావటే, పిచ్చిదానా!" అని తిట్టాడట. "తేవడం నా పని, చదువుకోవడం నీ పని," అని వెనక్కి తిరిగిందట.

అలాంటి మనిషి రెండేళ్ళు పెట్టి తన తరగతి పిల్లల్ని వెతికింది. క్రిస్మస్ కార్డుల మీది పాత చిరునామాలు పట్టుకుని, ప్రతి ఊరి పోస్టు మనిషికీ రాసింది. పోస్టువాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటారు. ముప్పై ఒక్కమందిలో పద్నాలుగురు బతికున్నారు. మిగతా వాళ్ళ వివరాలు పిల్లలు రాసి పంపారు.

ఆ కాగితాలు వద్దనుకుంటూనే చదివాను. 'డోరిస్ కాథ్రా, నేతపనివాడి కూతురు. బస్సు కండక్టరు, తర్వాత ఆ డిపోకే మేనేజరు.' 'ఆలిస్ ఆస్పినాల్, కసాయి కూతురు. మంత్రసాని. రెండు వేల పైచిలుకు కాన్పులు.' 'ఫ్రీడా హోల్డ్స్‌వర్త్, వడ్రంగి కూతురు. మోర్కాంబ్‌లో చేపల వేపుడు కొట్టు. మూడు పెళ్ళిళ్ళు.'

"పెళ్ళిళ్ళు పట్టికలో రాయం," అన్నాను.

"ఆ కల్నల్‌కి రెండు రాశారు."

"అది వేరు."

"ఏం వేరు? అతను గుర్రమెక్కి చేసుకున్నాడా?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. డబ్బా మూత పెట్టి వెనక్కి ఇచ్చాను. ఆధారం ఏదైనా బడి కాగితాల్లో చూపిస్తే కమిటీ ముందు పెడతానన్నాను. చూపించడం ఆమె వల్ల కాదులే అనే ధైర్యంతోనే అన్నాను.

మర్నాటి నుంచి బడి పాత కాగితాల గదిలో వచ్చి కూర్చుంది. తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి నేనూ కూర్చోవాల్సి వచ్చింది. ఆ గదిలో హీటరు పనిచేయదు. కోటు, టోపీ, తొడుగులు వేసుకుని ఒక్కో పుస్తకం తిప్పింది. క్రికెట్ ఆటల లెక్కలు, బొగ్గు కొన్న లెక్కలు, డెబ్బై ఏళ్ళ ప్రార్థనల జాబితా. మూడో వారంలో ఒక పుస్తకం తెరిచి గట్టిగా నవ్వింది.

అది శిక్షల పుస్తకం.

"విల్ఫ్, ఇది చూడు. '1941 మే. నోరా డెన్బీ. లాటిన్ పాఠంలో ఈల. బడయ్యాక ఒక గంట.' ఇదిగో మళ్ళీ నేనే, తోటమాలి చక్రాల బండిలో స్వారీ. ఇదిగో మళ్ళీ." పదకొండు చోట్ల ఆమె ఉంది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో, ఈ పుస్తకం ఈ బడి విద్యార్థులకే గానీ ఇతరులకు వర్తించదని, స్థాపకుడి నిబంధన రాసి ఉంది.

ఫిబ్రవరిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు క్లిఫర్డ్ ఎంబ్లీ మా ఊరి పాత లాయరు. మాట మెత్తగా ఉంటుంది, మనసు మాత్రం తాళం వేసిన బీరువా. పక్కన బడి హెడ్మిస్ట్రెస్ రోస్కో గారు కూర్చున్నారు. నోరా పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఎంబ్లీ గారూ, మీ ఇంటికి భోజనానికొచ్చిన వాళ్ళకి ఒక గంట శిక్ష వేస్తారా?"

"లేదమ్మా."

"మరి మేం అతిథులమైతే పదకొండు సార్లు నాకెందుకు వేశారు?"

ఎంబ్లీ ఆ పుస్తకం అరగంట తిరగేశాడు. లాయరు కదా, దారి లేని చోట ఒప్పుకోవడం తెలుసు. "సరే. ఇందులో పేరున్న వాళ్ళు బడి విద్యార్థులే. పద్ధెనిమిది మంది. వాళ్ళని ఎక్కిద్దాం."

"మిగతా పదముగ్గురూ?"

"వాళ్ళ పేర్లు ఇందులో లేవుగా అమ్మా."

"ఎందుకు లేవు? బుద్ధిగా ఉన్నారు కాబట్టి. అల్లరి చేసినవాళ్ళం పట్టికలోకి, చెప్పిన మాట విన్నవాళ్ళు బయటికా? మీ బడి నేర్పేది ఇదేనా?"

ఎంబ్లీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. నేను బల్ల వైపు చూశాను. ఆ పదముగ్గురిలో మా అందరికీ తెలిసిన పేరు ఒకటుంది, మురియల్ సగ్డెన్. మా బడి కాపలాదారు సగ్డెన్ కూతురు. బుద్ధికి పెట్టింది పేరు. చిన్నపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి, హాలిఫాక్స్ కోర్టులో ఇరవై రెండేళ్ళు గౌరవ మేజిస్ట్రేటుగా బెంచి మీద కూర్చుంది. ఆమె పట్టికలో లేకపోవడం మాకే నామోషీ.

అప్పుడు నోరా మరో పేజీ తిప్పింది. ఆ పేజీలోని రోజు నాకూ గుర్తుంది. 1942 మార్చి పన్నెండు, స్థాపకుడి రోజు. బిషప్ వచ్చాడు. హాలు కిటకిటలాడుతోంది. విద్యార్థి నాయకుడు హాజరు పుస్తకం చదువుతున్నాడు. మగపిల్లల పేర్లు అయిపోయాయి, పేజీ తిప్పాడు. ఆ పేజీలో ఇంకా పేర్లున్నాయి. అలవాటు కొద్దీ చదువుకుంటూ పోయాడు. "ఆలిస్ ఆస్పినాల్." వెనక గోడ దగ్గర నుంచి సన్నగా "ఆడ్సుమ్" అని వినిపించింది. "బెరిల్ బారాక్లో." "ఆడ్సుమ్." "డోరిస్ కాథ్రా." "ఆడ్సుమ్!" అప్పటికి బిషప్ చిరునవ్వు నవ్వుతున్నాడు. "నోరా డె..." దగ్గర ఆర్మెరాడ్ పరుగున వచ్చి పుస్తకం లాక్కున్నాడు. ఆ పేజీ చింపేశాడు. నేను పగలబడి నవ్వాను. బడి మొత్తం నవ్వింది.

ఎవరో ముందురోజు హాజరు పుస్తకంలో ముప్పై ఒక్క పేర్లూ అందమైన దస్తూరితో రాసిపెట్టారు. ఎవరో తేలలేదు. శిక్షల పుస్తకంలో ఆర్మెరాడ్ ఇలా రాశాడు: 'మూడో ఫారం బాలికలు, అందరూ. హాజరు పుస్తకంలో దొంగరాత. తప్పు ఒప్పుకునేదాకా రోజుకో గంట. చేసినవారికీ దాచినవారికీ ఒకటే శిక్ష. చేసినదెవరో తేలాక అందరి పేర్లూ ఈ కింద రాయవలెను.'

కింద అంతా ఖాళీ. సెలవులిచ్చే దాకా రోజుకో గంట చొప్పున పద్నాలుగు గంటలు కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆర్మెరాడే విసిగి వదిలేశాడు.

"పేర్లు లేవు కాబట్టి ఈ పేజీ చెల్లదు," అన్నాడు ఎంబ్లీ. "చేసినవారు ఇప్పుడు వచ్చి ఒప్పుకుంటే చెల్లుతుంది. పేర్లు రాయాల్సింది హెడ్మిస్ట్రెస్ గారు."

"అలాగే రాస్తాను," అన్నారు రోస్కో గారు వెంటనే.

బయట మెట్ల మీద నోరాని ఆపాను. "ఎవరో నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"అయితే చెప్పు! ఒక్క పేరు చెబితే ముప్పై ఒక్కమందీ లోపలికొస్తారు."

"చెప్పనని మాటిచ్చాం."

"యాభై ఆరేళ్ళ కిందట, పన్నెండేళ్ళ పిల్లలు ఇచ్చిన మాట!"

"పన్నెండేళ్ళప్పుడు ఇచ్చినా మాట మాటే విల్ఫ్. చెబితే ఆ ముప్పై ఒకటోది మాకు దక్కకుండా పోతుంది. అప్పుడు మిగిలేది ముప్పైయే." ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి, అయినా గడ్డం పైకే ఉంది. "అందరూ లేకపోతే నేనూ అక్కర్లేదు."

అన్నట్టే చేసింది. పది రోజుల్లో నాకు ఉత్తరాలొచ్చాయి. పేరున్న పద్ధెనిమిది మందిలో బతికున్న తొమ్మిదిమందీ, పోయినవాళ్ళ పిల్లలూ ఒకటే మాట రాశారు: మా పేరు తీసేయండి. మోర్కాంబ్ నుంచి ఫ్రీడా అయితే, 'మీ పట్టికలో చేపలు చుట్టుకోండి' అని రాసింది. ఆ ఉత్తరాలు బల్ల మీద పేర్చుకుని చాలాసేపు కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. నలభై ఏళ్ళు మందుచీటీలు పొల్లు పోకుండా చదివినవాణ్ణి, నియమం చూశాను గానీ మనుషుల్ని చూడలేదు.

మార్చి మొదటి వారంలో కమిటీ ఆఖరిసారి కూర్చుంది. ఉత్తరాలు నేనే చదివి వినిపించాను. నోరా మూలన కుర్చీలో కోటు విప్పకుండా కూర్చుంది. ఎంబ్లీ కలం మూత పెడుతూ, "అయితే ఈ విషయం ఇక..." అన్నాడు.

తలుపు తెరుచుకుంది. బూడిద రంగు టోపీ, చేతిసంచి, కర్ర. ఎంబ్లీ చటాలున లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ లాయరు బతుకులో సగం ఆ మనిషి ముందు నిలబడే గడిపాడు, కాళ్ళు వాటంతటవే లేచాయి.

"కూర్చోండి ఎంబ్లీ గారూ, ఇవాళ నిలబడాల్సింది నేను," అంది మురియల్ సగ్డెన్. "1942లో హాజరు పుస్తకంలో ఆ పేర్లు రాసింది నేనే."

నోరా తల దించుకుంది.

"మా నాన్న జేబులోంచి తాళంచెవి తీశాను. తెలిస్తే ఆయన ఉద్యోగం పోయేది, కాపలా ఇల్లు పోయేది, మేం అయిదుగురం రోడ్డున పడేవాళ్ళం. అందుకే వీళ్ళంతా పద్నాలుగు గంటలు కూర్చున్నారు. నేనూ వాళ్ళతో కూర్చున్నాను, నోరు విప్పకుండా. ఆవరణలో మా నాన్న పేరిట బెంచీ ఉంది, 'నమ్మకస్థుడు' అని రాసి. ఆయన పోయేదాకా చెప్పలేదు. పోయాక ఆ బెంచీ చూసి చెప్పలేదు."

ఆమె నోరా వైపు తిరిగింది. "ఇది పోయిన వారం బస్సెక్కి మా ఇంటికొచ్చింది. టీ తాగింది. మేమంతా తప్పుకుంటున్నాం, నీకు ముందే చెబుదామని వచ్చానంది. ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్ని. మొండిఘటం, అడక్కుండా వెళ్ళిపోయింది! ఇరవై రెండేళ్ళు బెంచి మీద కూర్చుని కుర్రాళ్ళకి చెప్పాను, ఒప్పుకోండిరా, తేలికవుతుంది అని. ఇక నా వల్ల కాలేదు."

"నేను చెప్పలేదే మురియల్," అంది నోరా.

"తెలుసే."

రోస్కో గారు పుస్తకం దగ్గరికి లాక్కుని కలం తీశారు. "దాచినవారికీ ఒకటే శిక్ష అని రాశారు కదా," అని మొదటి పేరు అడిగారు. నోరా, మురియల్ ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, కాగితం చూడకుండా, ముప్పై ఒక్క పేర్లూ వరసగా చెప్పారు. ఖాళీ పేజీ నిండింది. ఎవరూ అడగకుండానే ఎంబ్లీ కింద సంతకం పెట్టాడు.

మార్చి పన్నెండున స్థాపకుడి రోజు. పద్నాలుగురిలో పదకొండుమంది వచ్చారు. వెనక గోడ దగ్గర కుర్చీలు వేయబోతే నోరా ఒప్పుకోలేదు, ముందు వరసలో వేయించింది. ఇప్పటి పిల్లల హాజరు అయిపోయాక రోస్కో గారు నన్ను పిలిచి శిక్షల పుస్తకం చేతికిచ్చారు. మొదటి మూడు పేర్లూ 1942లోనే పిలిచారు, బదులూ వచ్చింది. ఆపిన చోటు నుంచి చదవాలి.

"నోరా డెన్బీ," అన్నాను.

ఆమె లేచింది. గొంతు సవరించుకుంది. "ఆడ్సుమ్" అంది, తలుపు తట్టినంత గట్టిగా.

నాకు తర్వాతి పేరు కనిపించలేదు. అక్షరాలు అలుక్కుపోయాయి. హాల్లో నాలుగొందల మంది పిల్లలు నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను.

"ఏడుపు తర్వాత ఏడుద్దువులే విల్ఫ్," అంది నోరా, నిలబడే. "ఇంకా ఇరవై ఏడున్నాయి. చదువు."